చుక్కానికి కాస్త

ఛార్జింగు పెట్టి బజారుకెళ్ళకు.
పర్లాకిమిడిలో నేను చెప్పే మొదటి పాఠం ఇది.
రెండోదీ ఇదే.

బల్ల మీద ఆ నల్లమచ్చ చూశావా, చేటంత,
అది నా ఇరవై రెండో ఏడు.
ఉబ్బిన ప్యాకుని, పాపం ఇంకా పనికొస్తుందిలే అని
మళ్ళీ తగిలించాను.
పొంగిన పూరీలా ఉంది, అంతేగా అనుకున్నాను.
పూరీ చల్లారితే అణుగుతుంది.
ఇది ముందు ఈల వేసింది,
గోళ్ళరంగు సీసా పగిలినట్టు ఒక తియ్యటి వాసన,
ఆ తర్వాత మా అమ్మ బొంత లేదు.

అందుకే ఈ కుండ.
కుమ్మరి దాలయ్యని వెడల్పు మూతిది అడిగి తెచ్చాను.
అడుగున మహేంద్రతనయ ఇసుక, రెండెండలు కాచింది.
"పెరుగుకేటి, గుంటా?" అన్నాడు.
"కాదు తాతా, నిప్పుని పడుకోబెట్టడానికి."
"అలాగైతే మూత బిగించకేం" అన్నాడు,
ఏం తెలిసి అన్నాడో.

దండాసికి పదమూడేళ్ళు, ఒళ్ళంతా తొందర.
వాడి విమానానికి చేపలపెట్టె థర్మోకోల్ రెక్కలు,
వెదురుబద్ద వెన్ను.
చుక్కానిని లాగే చిన్నముక్కని హార్న్ అంటారంటే
పడీపడీ నవ్వాడు.
మా ఇంట్లో మూడు తరాలు గేదెకొమ్ముతో కొంగలు చెక్కారు.
ఆఖరి కొంగ మిగిల్చిన తునకని
ఆకురాయితో అరగదీసి నేనే బిగించాను.
కొమ్మే మరి.

లోపల మూడు సెల్లులు.
ఏదీ నాలుగు పాయింట్ రెండు దాటకూడదు,
మూడున్నర కిందికి దిగకూడదు.
"నిండా పెట్టేసి దాచుకుంటే పోలేదా అక్కా, ఆదివారం దాకా?"
వద్దురా. నిండు కడుపుతో పడుకోబెట్టినా చెడుతుంది,
ఎండగట్టి పడుకోబెట్టినా చెడుతుంది.
ఎగరేయని రోజుల్లో సగమే, మూడు పాయింట్ ఎనిమిది.
సగం తెలుగు, సగం ఒడియాతో
ఇన్నాళ్ళూ పాడవకుండా ఉన్న ఊరికి
ఈ లెక్క కొత్తదేం కాదు.

ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.
పక్కన ఆ తెల్లముడి సన్నతీగల జడ, అదీ తగిలించు:
అది లేకపోతే ముగ్గురిలో ఒకడు
తనకి చాలాక కూడా తాగుతూనే ఉంటాడు.
రిసీవర్ చంటిది, అయిదు వోల్టుల గోరుముద్ద చాలు.
ముందు రిమోట్, ఆ తర్వాతే బ్యాటరీ.
దిగాక ముందు బ్యాటరీ పీకు.
తిరగేశావో, ఫ్యాను ఎవరి వేలు కోస్తుందో చెప్పలేను.

మొన్న ఇసుకతిన్నె మీద
"ఇంకొక్క సుట్టు" అన్నాడు దండాసి.
టైమర్ కూసింది. వినలేదు. నేనూ వినలేదు,
నిజం చెప్పాలి, అంత బాగా ఎగురుతోంది.
ఏరు దాటింది, పాతపట్నం వైపు,
ఒడిశా అయిపోయి ఆంధ్రా మొదలయ్యే చోట, నీళ్ళ మీద
మోటారు ఆగిపోయింది.

వాడి మొహంలో నెత్తురు లేదు.
"సచ్చిపోనాదక్కా."
లేదు. విను.
శక్తి తగ్గితే మోటారుని ముందు ఆపేస్తుంది లోపలి పెట్టె,
చుక్కానికి కాస్త మిగులుస్తుంది.
ఎగరడానికి కాదు,
దిగడానికి.
మెల్లగా ఎడమకి. లాగకు. గాలిని మొయ్యనీ.

ఆవలి ఒడ్డున ఆరేసిన చీర మీద వాలింది.
చీర తాలూకు ఆవిడ మమ్మల్ని రెండు భాషల్లోనూ తిట్టింది.

మోకాటిలోతు నీళ్ళు దాటి వెళ్ళి ముట్టుకున్నాం:
జ్వరం పిల్లలా వెచ్చగా ఉంది.
వేడి దిగేదాకా తీగ ముట్టకూడదని
ఆంధ్రా గట్టు మీదే కూచుని మరమరాలు తిన్నాం.

ఇంటికొచ్చి కొలిస్తే
మూడు పాయింట్ అయిదు, అయిదు, నాలుగు.
ఆ మూడోదాని మీద ఇక కన్నేసి ఉంచాలి.
దండాసి ప్యాకు మీద తేదీ రాశాడు, ఒడియా అంకెల్లో.
పక్కనే నేను తెలుగులో,
తప్పు మాది, అని.